బటన్ మీద 'రాష్ట్రం' రాసి చూడండి

బెంగళూరులో యాప్ డిజైన్ పనిలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. స్క్రీన్ గీసే మొదటి రోజే బటన్ల మీద తెలుగు మాటలు పెట్టి చూసుకోండి. ఇంగ్లీషులో అంతా అయ్యాక చివర్లో తెలుగు అతికించొచ్చులే అనుకుంటే దెబ్బ తింటాం. నేను తిన్నాను.

మారతహళ్లిలో పనిచేసే రోజుల్లో అడ్రస్ ఫారం ఒకటి చేశాను. ఇంగ్లీషులో ముచ్చటగా ఉంది. తెలుగులోకి మార్చగానే 'రాష్ట్రం' కింద వత్తులు తెగిపోయి 'రాషం' అయి కూర్చుంది. పెట్టె ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా బిగించేశాను మరి, ట వత్తు, ర వత్తు ఎక్కడికి పోతాయి? ఊళ్లో మా అమ్మ ఫోన్‌లో ఇంకా ఘోరం. చత్వారం కదా, అక్షరాలు పెద్దవి పెట్టుకుంది.

అందుకని పెట్టెకు ఎత్తు బిగించకండి, లోపలి మాటను బట్టి పెరగనివ్వండి. ఆండ్రాయిడ్‌లో 48 డీపీ (స్క్రీన్ మీద సైజులు కొలిచే యూనిట్) అనేది వేలు ఆనడానికి కనీసం ఉండాల్సిన కొలత, అంతకు మించితే తప్పేం లేదు. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాల సైజు 200 శాతం దాకా పెంచుకోవచ్చు, ఆ చివరి మెట్టులోనే చూడండి. పరీక్షకు 'స్త్రీ', 'వస్త్రాలు' లాంటి మాటలు వాడండి. 'పేరు', 'ఊరు' పెడితే అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

ఇంకోటి. ఆఫీసు మానిటర్ మీద చూసి సరిపెట్టుకోకండి. సాయంత్రం పర్పుల్ లైన్ మెట్రోలో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో నొక్కండి. అందని బటన్ ఏదో వైట్‌ఫీల్డ్ వచ్చేలోపు తెలిసిపోతుంది.