సీలింగ్‌కి కన్నం పెట్టేముందు సోఫా ఎక్కడేస్తారో తేల్చుకోండి

మొన్న సంక్రాంతికి పాలకొల్లు మా బావగారింటికి వెళ్తే మేడమీద హాల్లో ఫాల్స్ సీలింగ్‌కి రెండు గుండ్రటి స్పీకర్లు, సరిగ్గా ఫ్యానుకి చెరోపక్కన, చూడ్డానికి భలే ముచ్చటగా ఉన్నాయండి. తీరా సినిమా పెడితే వాన సీన్లో చినుకులన్నీ మన నెత్తిమీద కాకుండా ముందున్న టీపాయ్ మీద పడుతున్నట్టుంది. సంగతేంటంటే సీలింగ్ పనిచేసిన కుర్రాడు ఫ్యానుని చూసి కొలతేసుకున్నాడు, సోఫా ఏమో వెనక గోడకి దగ్గర్లో ఉంది. ఆ రెండు కన్నాలూ పూడ్చి, కొత్తవి కోసి, మళ్ళీ పెయింటు వేయించేసరికి మా బావకి పండగ ఖర్చు డబుల్ అయ్యింది. ఆ పని నేనూ పక్కనుండి చేయించాను కాబట్టి ఎలాగో చెప్తాను.

ముందు రోజూ కూర్చున్నట్టు కూర్చుని నేల నుంచి చెవి దాకా ఎంతుందో టేపు పెట్టి చూడండి, మామూలుగా మూడున్నర అడుగులు వస్తది. సీలింగ్ తొమ్మిదిన్నర అడుగులనుకుంటే మధ్యలో తేడా 6 అడుగులు. పైన రెండే స్పీకర్లయితే, అంటే 5.1.2 సెటప్ (చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక బేస్ డబ్బా, పైన రెండు) అయితే, ఈ సౌండు పద్ధతి తెచ్చిన డాల్బీ కంపెనీ వాళ్ళు చెప్పే కోణం 65 నుంచి 100 డిగ్రీల మధ్య, తిన్నగా ఎదురుగా చూస్తే సున్నా, 90 అంటే సరిగ్గా నడినెత్తి. 80 దగ్గర పెట్టుకుంటే మన లెక్కకి చెవికన్నా ఓ అడుగు ముందుకి వస్తది, అదే బాగుంటది. నాలుగు పెట్టాలంటే 45 డిగ్రీల లెక్క తేలిక, ఎత్తు తేడా ఎంతో ముందుకి అంత, వెనక్కి అంత, అంటే ఇక్కడ 6 అడుగులు ముందు, 6 వెనక. సోఫా వెనక గోడకి ఆనుకుని ఉన్నవాళ్ళు నాలుగు జోలికి పోవద్దు, రెండు చాలు. అడ్డంగా చూస్తే టీవీకి అటూ ఇటూ ఉన్న స్పీకర్ల వరసలోనే పైవీ రావాలి. మరీ ముఖ్యంగా, ఆ టీవీ పక్కవాటిని కూడా సీలింగ్‌లో పెట్టేద్దాం, నేల ఖాళీగా ఉంటది అని ఎవరైనా అంటే వినకండి, హీరో నోరు తెర మీద, మాట అటక మీద అయిపోద్ది.

వైరు దగ్గరే మోసాలెక్కువ. కాపర్ అని అమ్మేవాటిలో లోపల అల్యూమినియం ఉండి పైన రాగిపూత వేసినవి చాలా ఉంటాయి, బ్లేడుతో ఒక పోగుని గీకితే తెల్లగా బయటపడుద్ది. అసలే నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి మంచి రాగికే చిలుం పడతది, అలాంటిది ఇవెక్కడ ఆగుతాయి? పది పదిహేను మీటర్ల లోపైతే 16 గేజ్ సరిపోద్ది, అంతకన్నా దూరమైతే 14 గేజ్ తీసుకోండి, గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు. కరెంటు వైర్లున్న పైపులోంచే ఇదీ లాగేస్తానంటాడు ఎలక్ట్రీషియను, ఒప్పుకోకండి. లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు నేరుగా యాంప్‌లోకి, అంటే స్పీకర్లని నడిపే పెట్టెలోకి, వచ్చేస్తాయి. వేరే పైపు వేయించి, ప్రతి చివరా ఓ మూడడుగులు వైరు ఎక్కువ వదిలి, టేపు మీద ఇది ఎడమ ఇది కుడి అని రాసుకోండి.

మన దగ్గర ఇంకో గొడవ, వానాకాలం. స్లాబు ఎక్కడైనా చెమ్మ దిగుతుంటే ఫాల్స్ సీలింగ్ మీద మరక వచ్చేదాకా తెలీదు, అందుకని ఒక వానాకాలం గడిచిన ఇల్లయితే మరకలు చూసుకుని ఆ చోటు తప్పించండి. ఫాల్స్ సీలింగే లేనోళ్ళు మాత్రం స్లాబుని ఉలితో తొలిపించకండి, ఊచ బయటపడితే తుప్పు పట్టుద్ది. పైకి బిగించే చిన్న బాక్సు స్పీకర్లు కొనుక్కుని వైరుని కేసింగ్‌లో తెచ్చుకోండి, ఏం తక్కువకాదు.

ఇక కోయడం. జిప్సం బోర్డు వెనక ఇనుప ఛానళ్ళు దాదాపు అడుగున్నరకొకటి ఉంటాయి. చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి సీలింగ్ వెంట జరిపితే స్క్రూ ఉన్నచోట టక్కున అతుక్కుంటది, అదే ఛానల్. గుర్తు పెట్టుకున్నాక మధ్యలో వేలు పట్టేంత కన్నం చేసి, గట్టి తీగని ఎల్ ఆకారంలో వంచి లోపలికి దూర్చి గుండ్రంగా తిప్పండి. ఎక్కడా తగలకపోతేనే స్పీకరుతో వచ్చిన కాగితం అచ్చు పెట్టి గీసి రంపం పట్టండి. ఆరున్నర అంగుళాల స్పీకరుకి కన్నం దాదాపు 8 అంగుళాలు ఉంటది, కానీ మీ అచ్చు ఎంతంటే అంతే. కరెంటు మెయిన్ ఆపి, కళ్ళద్దాలు పెట్టుకోండి, పొడి మొత్తం మొహం మీదే పడుద్ది. స్పీకరు పక్కనున్న చెవులు స్క్రూ తిప్పితే విచ్చుకుని బోర్డుని పట్టుకుంటాయి, చేత్తోనే బిగించండి, డ్రిల్లుతో బిగిస్తే బోర్డు పొడైపోద్ది. పీఓపీ అయితే వెనక ప్లైవుడ్ రింగు వేయించి, స్లాబుకి ఓ సన్న తీగతో కట్టించడం మంచిది. వెనక డబ్బా అమ్ముతారు, అదీ కొనండి, పై వాటాకి సౌండు తగ్గుద్ది, బల్లులు కాపురం పెట్టవు.

ప్లస్ మైనస్ తారుమారైతే సౌండు పలచగా, ఎక్కడినుంచి వస్తుందో తెలీకుండా ఉంటది. దీనికి గోడగడియారం బ్యాటరీ చాలు. యాంప్ దగ్గర ఇంకా కలపకముందే ఆ వైరు చివరలు 1.5 వోల్టు బ్యాటరీకి ఒక్క క్షణం తాకించి, ఒకళ్ళు పైన చూస్తుండాలి. టక్ మని స్పీకరు మధ్యలో కదిలే కోను కిందకి, మనవైపు వస్తే బ్యాటరీ ప్లస్‌కి తాకిందే ప్లస్ వైరు. లోపలికి పోతే మార్చాలి. మా బావ నిచ్చెన మీద ఉండి "వచ్చింది, వచ్చింది" అని అరుస్తుంటే అక్క కిందనుంచి ఏంటి, కరెంటా అని అడిగింది.

రిసీవర్, అంటే ఇందాక చెప్పిన యాంప్ పెట్టే, పైన రెండు స్పీకర్లకి కనీసం ఏడు ఛానళ్ళది అయ్యుండాలి, సెట్టింగ్స్‌లో ఆ రెండిటినీ టాప్ మిడిల్ అని ఎంచుకుని, క్రాసోవర్ (ఇంతకన్నా కింది సౌండు బేస్ డబ్బాకి పంపే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర మొదలెట్టండి. మైకు పెట్టి ట్యూన్ చేసేటప్పుడు ఫ్యాను, ఏసీ రెండూ ఆపండి, చెమటలు పట్టినా ఓ పది నిమిషాలు ఓర్చుకోండి.

ఆఖర్న బేస్ ఉన్న పాటొకటి గట్టిగా పెట్టి గదంతా తిరగండి, ఎక్కడో గిలగిలమంటది. మా బావగారింట్లో అది స్పీకరనే అనుకుని రెండుసార్లు ఊడదీశాం, చూస్తే పక్కనున్న ఎల్ఈడీ లైటు రింగు. వెనక కాస్త ఫోమ్ టేపు అంటించగానే నోరు మూసింది.