సంగీతంలో పీజీ: పియానో ముందు కూర్చున్నవాడి మాట

ఆడిషన్ గదిలో నా చోటు పియానో ముందు. పక్కవాద్యం వాయించడం నా వృత్తి. పీజీ ప్రవేశాల రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముక్కూ మొహం తెలియని అభ్యర్థులతో కలిసి వాయిస్తాను. ఒకసారి ఒక వయొలిన్ అబ్బాయి నా చేతికి జిరాక్సు కాగితాల బొత్తి ఇచ్చాడు. ప్రతి పేజీలోనూ అడుగు వరుస, అంటే నా ఎడమచెయ్యి వాయించాల్సింది, సగానికి తెగిపోయి ఉంది. మూడో పేజీ తిప్పితే నాలుగోది కూడా దానితోపాటే వచ్చింది. ఎలాగో గట్టెక్కాం. బయటికి వచ్చాక ఏ డిగ్రీకి దరఖాస్తు చేశావని అడిగాను. "ఎంఎం అనుకుంటానండీ. ఎంఏ కూడా అదే కదా?" అన్నాడు. తెగిన కాగితాలకన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

రెండూ ఒకటి కాదు. ఎంఎం, అంటే మాస్టర్ ఆఫ్ మ్యూజిక్, సంగీతాన్ని చేతల్లో చూపేవారి డిగ్రీ: వాయించడం, పాడడం, ఆర్కెస్ట్రా నడిపించడం, స్వరరచన. వారంలో ఎక్కువ భాగం సాధన గదిలో, గురువు ముందు, బృందంతో రిహార్సల్‌లో గడుస్తుంది. వాద్యకారులకు, గాయకులకు చివరి పరీక్ష ఒకటో రెండో సోలో కచేరీలు. ఎంఏ అలా కాదు. సంగీత చరిత్ర, సిద్ధాంతం, ఎథ్నోమ్యూజికాలజీ (సంగీతాన్ని ఆయా సమాజాల సంస్కృతిలో భాగంగా చదవడం) లాంటి చదువులు దాని కిందికి వస్తాయి. వారమంతా గ్రంథాలయంలో గడిచి, చివరికి సిద్ధాంత వ్యాసం మిగులుతుంది. అమెరికాలో ఈ రెండింటికీ సాధారణంగా రెండేళ్లు పడుతుంది, కనీసం 30 క్రెడిట్లు ఉంటాయి. బ్రిటన్‌లో చాలా మాస్టర్స్ కోర్సులు ఏడాదిలోనే అయిపోతాయి. అక్కడ ఇంకో తిరకాసు ఉంది: ఎంమ్యూజ్ (ఇదీ మాస్టర్ ఆఫ్ మ్యూజిక్కే) అన్న ఒకే పేరు కింద ఒక విశ్వవిద్యాలయం కచేరీ అడిగితే, మరొకటి పరిశోధన వ్యాసం అడుగుతుంది. కాబట్టి డిగ్రీ పేరు చూసి మోసపోకుండా, విద్యార్థుల హ్యాండ్‌బుక్ తెరిచి, పట్టా చేతికి రావాలంటే ఏమి సమర్పించాలో ఆ ఒక్క పేజీ ముందు చదవండి.

డాక్టరేట్‌లోనూ ఇదే చీలిక. వాయించేవారికీ పాడేవారికీ డీఎంఏ, అంటే డాక్టర్ ఆఫ్ మ్యూజికల్ ఆర్ట్స్. ఇది ప్రధానంగా అమెరికా విశ్వవిద్యాలయాల డిగ్రీ. కోర్సులు, సమగ్ర పరీక్షలు, అనేక కచేరీలు, వాటితోపాటు ఒక పరిశోధన పత్రం. కళాశాలలో వాద్యం నేర్పే ఉద్యోగం కావాలనుకునేవారు దీన్ని ఎంచుకుంటారు. మ్యూజికాలజీకీ (సంగీతాన్ని, దాని చరిత్రను శాస్త్రీయంగా పరిశోధించడం) సంగీత సిద్ధాంతానికీ పీహెచ్‌డీ. స్వరరచనలో రెండూ దొరుకుతాయి. వీటికి పక్కన ఆర్టిస్ట్ డిప్లొమా అని ఒకటి ఉంది. అది డిగ్రీ కాదు. తరగతులు నామమాత్రం, కచేరీలు నిండుగా. ఇప్పటికే వేదిక మీద నిలదొక్కుకుంటూ, మంచి గురువు దగ్గర ఇంకో రెండేళ్లు ఉండాలనుకునేవారికి అది బంగారం. బోధన ఉద్యోగం కోసం వెళ్లేవారికి మాత్రం దాని వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

మ్యూజిక్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్‌కు చాలాచోట్ల బడిలో పాఠం చెప్పిన అనుభవం అడుగుతారు. ఉద్యోగం వదలకుండా వేసవుల్లో మాత్రమే వచ్చి పూర్తి చేసే ఏర్పాటూ ఉంటుంది. మ్యూజిక్ థెరపీకి ఆసుపత్రుల్లో, సంస్థల్లో చేసే క్లినికల్ శిక్షణ తప్పదు, అమెరికాలో అది 1,200 గంటలు. నేను చదివింది కొలాబరేటివ్ పియానో. పక్కవాద్యానికి ఒక మాస్టర్స్ డిగ్రీయా అని మా బంధువులు నవ్వారు. ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఇక అర్హతల సంగతి. బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి. అది సంగీతంలోనే ఉండాలని అన్నిచోట్లా పట్టుబట్టరు గానీ, సంగీతం చదవనివాళ్లు హార్మొనీ (స్వరాలను ఒకేసారి కలిపి పలికించే పద్ధతి), సంగీత చరిత్ర తరగతుల లోటును చేరాక పూడ్చుకోవాల్సి వస్తుంది. జీఆర్ఈని చాలా సంగీత విభాగాలు వదిలేశాయి. ఇంగ్లీషు మాతృభాష కానివారికి టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ ఉంటుంది. సిఫార్సు లేఖలు సాధారణంగా మూడు. గడువుకు వారం ముందు కాదు, ఆరు వారాల ముందు అడగండి.

ప్రవేశానికీ ప్లేస్‌మెంట్ పరీక్షకూ తేడా ఉందని ఎవరూ ముందుగా చెప్పరు. సీటు వచ్చి, మూటాముల్లె సర్దుకుని వెళ్లాక, తరగతులు మొదలయ్యే ముందు వారంలో హార్మొనీ, చరిత్ర, స్వరజ్ఞానంలో పరీక్ష పెడతారు. నేను ఆ పరీక్షలో తప్పాను. ఇచ్చిన బేస్ వరుసకు, అంటే అన్నిటికన్నా కింది గొంతుకు, పైన మూడు గొంతులు రాయాలి. సీ మేజర్ నుంచి డీ మైనర్‌కు వెళ్లేచోట నా బేసూ దాని పైగొంతు టెనారూ చేయిచేయి పట్టుకుని ఒక మెట్టు పైకెక్కాయి: కింద సీ, పైన జీ, మరుక్షణం కింద డీ, పైన ఏ. రెండు గొంతులు ఐదు స్వరాల ఎడం చెడకుండా కలిసి కదలడం, అంటే సమాంతర పంచమాలు, హార్మొనీ మొదటి నెలలోనే వద్దని చెప్పే తప్పు. ఎర్ర సిరాతో రెండు గీతలు పడ్డాయి. ఫలితం, ఒక సెమిస్టరంతా పొద్దున ఎనిమిదింటికి పునశ్చరణ తరగతి, డిగ్రీలో లెక్కకు రాని క్రెడిట్లతో. వెళ్లే ముందు వేసవిలో రోజుకొక బాక్ కొరాల్ (నాలుగు గొంతుల చర్చి కీర్తన) ముందేసుకుని, బేస్ మాత్రం ఉంచి మిగతా గొంతులు మీరే రాసి, ఆయన రాసినదానితో పోల్చి చూసుకోండి.

ఆడిషన్ రెండు మెట్లలో జరుగుతుంది. మొదటిది ప్రీస్క్రీనింగ్ రికార్డింగు, అంటే వడపోత కోసం ముందుగా పంపేది. అమెరికాలో దానికి గడువు చాలాచోట్ల డిసెంబరు 1. అందులో నెగ్గినవారిని జనవరి నుంచి మార్చి మధ్య స్వయంగా రమ్మంటారు. కాబట్టి వాయించే కృతుల జాబితా అంతకుముందు వసంతానికే తేలిపోవాలి. పియానోకు సాధారణంగా బాక్ ప్రెల్యూడ్, ఫ్యూగ్ ఒక జత, హైడన్ నుంచి షూబర్ట్ దాకా ఎవరిదైనా ఒక పూర్తి సొనాటా, ఒక పెద్ద రొమాంటిక్ కృతి, 20వ శతాబ్దం లేదా ఆ తర్వాతిది ఒకటి, అన్నీ కంఠస్థంగా. వయొలిన్‌కు బాక్ ఒంటరి వయొలిన్ కోసం రాసినవాటిలోంచి, ఒక కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి సోలో వాద్యం వాయించే కృతి), ఒక పగనీని కప్రీస్ (ఒంటరి వయొలిన్‌కు రాసిన కష్టమైన చిన్న కృతి). గాయకులకు ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్, ఇంగ్లీషు నాలుగూ కావాలి. కండక్టింగుకు వెళ్లేవారు పంపే వీడియోలో కెమెరా ఆర్కెస్ట్రా వైపునుంచి మీ మొహం మీద ఉండాలి. ప్రేక్షకుల్లో కూర్చుని తీసిన వీడియోలో కనిపించేది మీ కోటు వీపే.

రికార్డింగులో కోతలు, అతుకులు ఉండకూడదు. ఒక భాగం మొదలుపెడితే ఆపకుండా చివరిదాకా వాయించాల్సిందే. ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. అయితే పియానో శ్రుతి చూసుకోండి, మైకును వాద్యానికి మరీ దగ్గర పెట్టకండి.

స్వయంగా వెళ్లే రోజుకు, నా స్వార్థం కూడా కలిపి చెబుతున్నాను: పియానో ప్రతిని రెండువైపులా ముద్రించి రింగుల ఫైలులో పెట్టండి. కాన్చెర్టోలో ఆర్కెస్ట్రా ఒక్కటే వాయించే పొడవాటి భాగాలను ఎక్కడ కత్తిరిస్తున్నారో పెన్సిలుతో, రెండు చివరలా గుర్తుపెట్టండి. లయ చెప్పడానికి చిటికెలు వేయకండి. కంగారులో చిటికెలు ఎప్పుడూ అసలు వేగం కన్నా ముందుకు పరుగెడతాయి. మొదటి రెండు బార్లు (తాళం ఆవర్తనాల్లాంటివి) అసలు వేగంలోనే, నాకు వినపడేంత చిన్న గొంతుతో పాడండి. అందులోనే వేగమూ, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో కూడా తెలిసిపోతుంది. ఇవేవీ చేయకుండా గది బయట పియానో మీద నింద వేసేవారిని చూస్తుంటే, ఆడలేక మద్దెల ఓడు అన్న మాట ఊరికే పుట్టలేదనిపిస్తుంది. ఇంకొకటి: ప్యానెల్ మధ్యలో చాలని ఆపేస్తే గుండె జారనక్కర్లేదు. ఒక్కొక్కరికి పదీ పదిహేను నిమిషాలే ఉంటాయి, బాగా వాయించినవారిని ఇంకా త్వరగా ఆపడమూ చూశాను.

స్వరరచనకు వెళ్లేవారు మూడు నాలుగు కృతుల స్కోర్లు (రాసిన స్వరలిపి ప్రతులు), రికార్డింగులు పంపాలి. కంప్యూటర్ వినిపించిన నకలు కన్నా, తప్పులున్నా సరే మనుషులు వాయించినదే మేలు. మ్యూజికాలజీకి వ్యాస నమూనా ముఖ్యం. పీహెచ్‌డీలో విదేశీ భాషల పఠన పరీక్ష కూడా ఉంటుంది. మొదట అడిగేది జర్మన్. 1885లో ఆస్ట్రియా పండితుడు గీడో ఆడ్లర్ మ్యూజికాలజీ శాస్త్రానికి హద్దులు గీసింది ఆ భాషలోనే, తర్వాత పేరుకున్న సాహిత్యంలో పెద్ద వాటా కూడా అందులోనే ఉంది. ఎథ్నోమ్యూజికాలజీలో చదవడం మాత్రమే చాలదు. 1960లో అమెరికన్ ఎథ్నోమ్యూజికాలజిస్టు మాంటిల్ హుడ్, రెండు భాషలు వచ్చినట్టే రెండు సంగీతాలు వచ్చి ఉండడం అనే 'ద్వి సంగీతజ్ఞత'ను ప్రతిపాదించినప్పటినుంచి, పరిశోధించే సంగీతాన్ని కొంతైనా స్వయంగా నేర్చుకోవాలన్నది ఆ రంగంలో బలమైన ఆనవాయితీ.

వాద్యానికైనా గాత్రానికైనా విశ్వవిద్యాలయం పేరు కన్నా గురువే పెద్ద. చెట్టు పేరు చెప్పి కాయలమ్మే చోట్లూ లేకపోలేదు. దరఖాస్తుకు ముందే ఆయనకో ఆమెకో చిన్న ఉత్తరం రాసి ఒక ట్రయల్ పాఠం అడగండి. రాబోయే ఏడాది సెలవులో ఉంటారా, ఎంతమంది కొత్తవారిని తీసుకుంటారు అన్న రెండు ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి. ఆయన కోసమే చేరితే ఆయనే లేని సెమిస్టర్ నాకు తెలిసిన ఒకామెకు ఎదురైంది.

డబ్బు విషయంలో నా అభిప్రాయం మొండిది: పీహెచ్‌డీకి, డీఎంఏకి అప్పు చేసి వెళ్లకండి. ట్యూషన్ మాఫీతోపాటు నెలనెలా భత్యం ఇచ్చే అసిస్టెంట్‌షిప్ ఉంటేనే చేరండి. దానికి బదులుగా పాఠం చెప్పడమో, బృందాలకు వాయించడమో చేయాలి, అమెరికాలో మామూలుగా వారానికి 20 గంటల దాకా. మాస్టర్స్‌లో అంత సాయం తక్కువ, అయినా మినహాయింపులున్నాయి: అమెరికాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత కళాశాల 1928 నుంచి విద్యార్థుల దగ్గర ట్యూషన్ తీసుకోవడం లేదు, 2005లో వచ్చిన భారీ విరాళం తర్వాత యేల్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్ కూడా ఆ దారే పట్టింది. పోటీ ఎంతుంటుందో వేరే చెప్పాలా.

ఆర్థిక సాయంతో కూడిన సీటుకు ఏప్రిల్ 15 దాకా జవాబు ఇవ్వకుండా ఆగే వీలును అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకున్నాయి. రెండో చోటునుంచి కబురు రాకముందే మొదటిదానికి సరే అనేయకండి. ఒప్పుకున్నాక మాత్రం, ప్రయాణం టికెట్టు కొనేముందు ప్లేస్‌మెంట్ పరీక్ష తేదీ చూసుకోండి.