చిన్న వ్యాపారం సైటుపై దాడి – 4వ పాఠం: మొదటి ఆరు గంటలు

మూడో పాఠంలో చెప్పినట్టు సీప్యానెల్‌లోని (హోస్టింగ్ కంపెనీ ఇచ్చే నిర్వహణ పేజీ) రా యాక్సెస్ పేజీలో లాగ్‌లను (సైటుకు ఎవరు, ఎప్పుడు వచ్చారో రాసే చిట్టాలు) భద్రపరిచే గడికి టిక్కు పెట్టుకున్నవాళ్ళకు ఈ పాఠం సగం తేలిక. పెట్టనివాళ్ళు ముందు ఆ పని చేసి రండి. దాని పక్కనే పోయిన నెల లాగ్‌లను తీసేయమనే గడి ఉంటుంది, దానికి టిక్కు తీసేయండి.

పచ్చళ్ళు అమ్మే ఒక వర్డ్‌ప్రెస్ సైటు అనుకుందాం. ఉదయం 10:40కి ఓ ఖాతాదారు ఫోన్ చేసి, ‘గూగుల్‌లో మీ షాపు పేరు కొట్టి నొక్కితే ఏదో రమ్మీ సైటు వస్తోందండీ’ అన్నాడు. మీరు లాప్‌టాప్‌లో తెరిచి చూస్తే అంతా బాగానే ఉంది. ‘మా దగ్గర బాగానే వస్తోంది, మీ ఫోన్‌లోనే ఏదో ఉంది’ అని పెట్టేస్తారు. చాలా దాడులు వారాల తరబడి దాగి ఉండేది ఇక్కడే. చొరబడిన కోడ్ వచ్చినవాడు ఎవరో చూస్తుంది. గూగుల్ నుంచి, ఫోన్ మీద వచ్చినవాణ్ణి దారి మళ్ళిస్తుంది. అడ్మిన్‌గా లాగిన్ అయిన గుర్తు బ్రౌజర్‌లో ఉంటే అసలు సైటే చూపిస్తుంది.

కాబట్టి వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, ఇన్‌కాగ్నిటోలో, గూగుల్ ద్వారానే వెళ్ళి చూడండి. తర్వాత గూగుల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో ‘సైట్’ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు కొట్టండి. మీ ఆవకాయ పేజీల మధ్య జపనీస్ అక్షరాల శీర్షికలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. చూసిన ప్రతిదానికీ పూర్తి చిరునామా, టైమూ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఒక నోట్‌బుక్ తెరిచి మొదటి వరుస రాయండి: ‘ఉ. 10:40 – ఫోన్ వచ్చింది’. దాడి సంగతి ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్‌కు తెలపాల్సిన ఆరు గంటల లెక్క (వివరం చివర్లో) అక్కణ్ణించే మొదలు.

ముందు నకలు, తర్వాతే చీపురు

అనుమానంగా కనిపించిన ఫైలును వెంటనే చెరిపేయాలని చెయ్యి లాగుతుంది. పాత బ్యాకప్ ఎక్కించేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. రెండూ వద్దు. ఫైలు చెరిపితే దొంగ ఎలా వచ్చాడో చెప్పే ఆధారం పోతుంది. పాత బ్యాకప్ ఎక్కిస్తే ఆ ఆధారం పోవడమే కాదు, వాడు దూరిన కంత కూడా మళ్ళీ తెరుచుకుంటుంది.

తీసుకోవాల్సినవి మూడు: హోమ్ డైరెక్టరీ మొత్తం, డేటాబేస్, లాగ్‌లు. సీప్యానెల్ బ్యాకప్ పేజీలో మొదటి రెండూ దొరుకుతాయి. లాగ్‌లను రా యాక్సెస్ నుంచి విడిగా దించుకోండి. దించిన ఆర్కైవ్‌ను (అన్నీ కలిపి మూట కట్టిన ఫైలు) విప్పకండి. విప్పితే యాంటీవైరస్ లోపలి ఫైళ్ళను చప్పుడు లేకుండా తీసేస్తుంది, అప్పుడు మీ నకలు నకలు కాదు. రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టండి. ఆర్కైవ్‌కు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీయండి (ఇది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైలులో ఒక్క అక్షరం మారినా ఇదీ మారిపోతుంది). ఆర్కైవ్‌లు విప్పే సెవెన్-జిప్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ మెనూలో ఉంటుంది. వచ్చిన 64 అక్షరాలను నోట్‌బుక్‌లో కాపీ చేసుకోండి. ఇదేదో ఛాదస్తం కాదు. కేసు కోర్టుకు వెళితే, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువకు ప్రత్యేకంగా గడి ఉంది.

తలుపు వేయడం

వర్డ్‌ప్రెస్ మెయింటెనెన్స్ ప్లగిన్ ఇక్కడ పనికిరాదు. అది ముందు గదికే తాళం. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో కూర్చున్న పీహెచ్‌పీ ఫైలును (సర్వర్‌లో నడిచే కోడ్) నేరుగా పిలిస్తే అది మామూలుగానే నడుస్తుంది. సైటులోకి ఎవరిని రానివ్వాలో చెప్పే హెచ్‌టీయాక్సెస్ ఫైలులో మీ ఐపీ (మీ ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు) తప్ప అందరినీ ఆపి, వచ్చినవాళ్ళకు 503 జవాబు వెళ్ళేలా చేయండి. 404 వెళితే పేజీలు లేవని గూగుల్ తీసేయడం మొదలుపెడుతుంది, 503 అంటే ‘కాసేపాగి రా’ అని దానికి అర్థం.

ఒక్కోసారి మీరు మార్చి సేవ్ చేసిన హెచ్‌టీయాక్సెస్ ఫైలు, పేజీ రిఫ్రెష్ చేసేలోపే పాత రూపానికి వచ్చేస్తుంది. మీ పొరపాటేమో అనుకుని నాలుగుసార్లు మారుస్తారు. పొరపాటు మీది కాదు. మెమొరీలో నడుస్తున్న ఒక పీహెచ్‌పీ ప్రాసెస్ దాన్ని తిరగరాస్తోంది. హోస్టింగ్ వాళ్ళకు ‘సైటు హ్యాక్ అయింది’ అని రాస్తే రెడీమేడ్ జవాబు వస్తుంది. ‘మా ఖాతాలో నడుస్తున్న పీహెచ్‌పీ ప్రాసెస్‌లన్నీ ఆపండి, ఖాతా లాగ్‌లు చెరపకండి’ అని రాయండి. క్రాన్ జాబ్స్ (వేళకు వాటంతటవే నడిచే పనులు) పేజీ మీరే చూడండి. మీరు పెట్టని వరుస ఉంటే ఫొటో తీసి, ఆ తర్వాతే తీసేయండి.

పాస్‌వర్డ్‌లు వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి మార్చాలి. ముందు ఈమెయిల్, ఆపైన హోస్టింగ్, ఎఫ్‌టీపీ (ఫైళ్ళు ఎక్కించే ఖాతా), డేటాబేస్, చివర వర్డ్‌ప్రెస్. ఈమెయిల్ వాడి చేతిలో ఉంటే మిగతావన్నీ రీసెట్ చేసుకుంటాడు కనుక ఈ వరస. డబ్ల్యుపీ-కాన్ఫిగ్ ఫైలులోని సాల్ట్ విలువలు (లాగిన్ గుర్తులను కాపాడే రహస్య అక్షరాలు) కూడా మార్చితే ఇప్పటికే లోపలున్నవాళ్ళు బయట పడతారు.

లాగ్‌లో ఒక వరుస

లాగ్‌ల నకలులో ఇలాంటిది వెతకండి:

203.0.113.25 – 04:52:17 +0000 – పోస్ట్ – /అప్‌లోడ్స్/2023/08/క్యాష్.పీహెచ్‌పీ – 200

అప్‌లోడ్స్ బొమ్మల ఫోల్డర్. అక్కడ పీహెచ్‌పీ ఫైలు ఉండటమే వింత (కొన్ని ప్లగిన్లు పెట్టే ఖాళీ ఇండెక్స్ ఫైలు సంగతి వేరు). దానికి ఎవరో పోస్ట్ (సైటుకు డేటా పంపే అభ్యర్థన) పంపితే 200 (‘సరే’) అని జవాబిచ్చింది, అంటే వాడి మాట విన్నది. +0000 అంటే యూటీసీ, ప్రపంచ ప్రామాణిక సమయం. మన టైముకు ఐదున్నర గంటలు కలపాలి, కాబట్టి ఇది ఉదయం 10:22. ఈ లెక్క మరిచి ‘రాత్రి ఐదింటికి దాడి’ అని ఫిర్యాదులో రాస్తే తర్వాత టైములేవీ కలవవు. అదే ఐపీని పట్టుకుని పైకి వెళ్ళండి. ఆ ఫైలు మొదటిసారి కనిపించిన వరుసకు కాస్త ముందు, ఏదో ఒక ప్లగిన్ చిరునామాకు వెళ్ళిన పోస్ట్ సాధారణంగా కనిపిస్తుంది. కంత అక్కడ ఉండొచ్చు. ఐపీ మారుతూ ఉంటే ఫైలు పేరుతో వెతకండి. ఫైలు మార్పు తేదీని మాత్రం నమ్మకండి, దాన్ని దొంగ తనకు కావలసినట్టు దిద్దుకోగలడు.

పోస్ట్‌లో ఏం పంపారో మామూలు లాగ్‌లో ఉండదు. అందుకే ‘ఖాతాదారుల వివరాలేవీ పోలేదు’ అని ఎవరికీ రాసివ్వకండి. ‘పోయాయో లేదో ఇంకా తేలలేదు’ అన్నదే ఇప్పటికి నిజం.

ఎవరికి, ఏ వరసలో

డబ్బు పోయి ఉంటే అన్నిటికంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. చెకౌట్ పేజీలో యూపీఐ క్యూఆర్ మీదేనా, స్కాన్ చేస్తే మీ పేరే వస్తోందా చూడండి. మార్చి ఉంటే అక్కడ చెల్లించిన ఖాతాదారులతోనూ వెంటనే 1930కి చేయించండి. 12 అంకెల లావాదేవీ నంబరు చేతిలో ఉండాలి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపించడమే 1930 ఉద్దేశం, కాబట్టి ప్రతి నిమిషమూ లెక్కే.

తర్వాత సర్ట్-ఇన్, అంటే సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం గుర్తించిన ఆరు గంటల్లో తెలపాలి. సైటులోకి చొరబడి హానికర కోడ్, బయటి లింకులు చొప్పించడం ఆ ఆదేశాల్లోని, తప్పక తెలపాల్సిన ఘటనల జాబితాలో స్పష్టంగా ఉంది. చిన్న వ్యాపారాలకు ఇచ్చిన గడువు ఆ ఏడాది సెప్టెంబర్ 25తోనే అయిపోయింది. ఈమెయిల్: ఇన్సిడెంట్ ఎట్ సర్ట్-ఇన్ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్. ఫోన్: 1800-11-4949. అన్నీ తేలాక రాద్దామని ఆగకండి, తెలిసినంతే పంపి మిగతాది తర్వాత చేర్చవచ్చు. ఇంత చాలు:

‘మా సైటు గూగుల్ నుంచి వచ్చేవారిని వేరే సైటుకు మళ్ళిస్తోంది. ఫలానా తేదీ ఉ. 10:40కి గుర్తించాం. అనుమానిత ఫైలు, ఐపీ ఇవి. సైటును 11:30కి మూసేశాం. ఫైళ్ళు, లాగ్‌ల నకళ్ళు ఉన్నాయి, హ్యాష్ ఇది. వివరాలు పోయాయా అన్నది ఇంకా తేలలేదు.’

పోలీసు ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో పెట్టవచ్చు. స్టేషన్‌కు వెళితే ‘మా పరిధి కాదు’ అన్నారని వెనక్కి రాకండి. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలి. రసీదు నంబరు నోట్‌బుక్‌లో రాసుకోండి.

అభ్యాసం

బాగున్న మీ సైటు మీదే చేయండి. నిన్నటి లాగ్ దించి, మీరు అడ్మిన్‌గా లాగిన్ అయిన వరుస వెతికి, దాని టైమును మన టైముకు మార్చండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్ళెన్నో లెక్కపెట్టండి. ఐదో పాఠం శుభ్రం చేయడం గురించి. దానికి సెర్చ్ కన్సోల్ (మీ సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో ఓనర్లకు చూపే గూగుల్ సేవ) లాగిన్ సిద్ధంగా ఉంచుకోండి. ఈ రకం దాడుల్లో దొంగ చాలాసార్లు అక్కడ తననూ ఓనర్‌గా చేర్చుకుంటాడు, వాణ్ణి తీసేసినా మళ్ళీ ఎలా తిరిగొస్తాడో ఆ పాఠంలో చూద్దాం.