జిమ్ నొప్పులకు అమైనో పొడి: షుగర్ ఉన్నవాళ్లు పొడి తాగి అన్నం మానేయొద్దు

జిమ్‌లో ఎవరో కుప్పకూలారన్న వార్త రాగానే అందరూ గుండె గురించే మాట్లాడతారు. కసరత్తు చేసిన రోజు రాత్రి షుగర్ పడిపోవడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఎండలు ముదిరితే బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో నడిచేవాళ్లు కొందరు ఏసీ జిమ్‌ల్లో చేరతారు. తొడలు, పిక్కలు పట్టేస్తాయి. పక్కనున్నాయన బీసీఏఏ డబ్బా, అంటే ఒళ్లు నొప్పులకని అమ్మే అమైనో ఆమ్లాల పొడి, చూపిస్తాడు.

అసలు తప్పు

సాయంత్రం కసరత్తు చేసి, పొడి తాగి, ‘ఎలాగూ బరువు తగ్గాలిగా’ అని రాత్రి భోజనం మానేస్తారు. షుగర్ మాత్ర మాత్రం మామూలుగానే వేసుకుంటారు. తీపి కలపని పొడి ఒక స్కూపులో సుమారు 5 గ్రాముల అమైనో ఆమ్లాలుంటాయి, పిండిపదార్థం దాదాపు సున్నా. అందులో సగం ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం, అది ఇన్సులిన్‌ను ఇంకాస్త ఊరిస్తుంది. అలసిన కండరాలు మర్నాటి దాకా గ్లూకోజును లాక్కుంటూనే ఉంటాయి. పైన ఇన్సులిన్‌ను ఊరించే గ్లిమెపిరైడ్ మాత్రో, ఇన్సులిన్ సూదో. అర్ధరాత్రి దాటాక షుగర్ పడిపోయి చెమటలు, వణుకు. ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే ఈ భయం తక్కువ. చీటీలో గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్‌లలో ఏదున్నా పొడి తాగి అన్నం మానేయొద్దు. కసరత్తు రోజున మోతాదు తగ్గించాలా అన్నది డాక్టరు చెప్పాలి, ట్రైనర్ కాదు.

డబ్బా సంగతి

‘షుగర్ ఫ్రీ’ అని ఉన్నా మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం ఉంటే షుగర్ సర్రున పెరుగుతుంది. వెనక కార్బోహైడ్రేట్ లెక్క చదవండి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు లేని డబ్బా కొనొద్దు. నొప్పి రెండు మూడు రోజుల్లో ముదిరి, వారంలోపు దానంతటదే పోతుంది. పొడితో తగ్గితే కాస్త తగ్గుతుంది, అంతే. అంతమాత్రానికి ఇంత ఖర్చు దండగ.

కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించకుండా పొడి మొదలుపెట్టొద్దు.

నొప్పికని డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ సొంతంగా మింగొద్దు. కిడ్నీకి దెబ్బ.

కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడుతూ నొప్పి వారం దాటినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే అదే రోజు ఆసుపత్రికి.

ఛాతీ, దవడ, ఎడమ భుజం బిగిస్తే కండరం పట్టిందనుకోవద్దు, గుండెపోటు కావచ్చు.

డాపాగ్లిఫ్లోజిన్ (చక్కెరను మూత్రంలో పంపేసే షుగర్ మాత్ర) వాడేవాళ్లు ఉపవాసాలుండొద్దు, నీళ్లు తగ్గించొద్దు. వాంతులు, ఆయాసం వస్తే మీటర్‌లో 200 లోపే ఉన్నా కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పరీక్ష చేయించుకోండి.

పడుకునే ముందు స్ట్రిప్ పెట్టి చూడండి. 100 లోపుంటే గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు తీసుకున్నాకే పడుకోండి. మళ్లీ చెబుతున్నాం, పొడి భోజనం కాదు.

70 లోపుంటే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. వోగ్లిబోస్ కలిసిన మాత్ర వాడేవాళ్లకు చక్కెర త్వరగా పనిచేయదు. గ్లూకోజ్ పొడే కావాలి, మంచం పక్కనే పెట్టుకోండి.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ మాట ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.