వంటగది నేలకు మార్కాపురం పలక – మూడవ పాఠం: వరుస, మట్టం, మాలు

మొదటి పాఠంలో రాయిని ఎన్నుకున్నాము. కడప నాపరాయి సున్నపురాయి జాతిది కనుక చేపల పులుసు ఒలికిన చోటల్లా దాని మెరుగు చచ్చి మచ్చ మిగులుతుందని, చీమకుర్తి గెలాక్సీ రాయి ఎంత గట్టిదైనా అద్దంలా నునుపు పెట్టిన ముఖం తడిస్తే కాలు జారుతుందని, అందువల్ల ఈ పాఠాలకు మార్కాపురం పలకను తీసుకుంటున్నామని అక్కడ చెప్పుకున్నాము. రెండవ పాఠంలో పాత గచ్చును చెక్కి, కడిగి ఉంచాము. ఈ పాఠంలో పలకలు నేలకు చేరతాయి. అయితే పనిలో సగభాగం మాలు, అంటే సిమెంటు ఇసుకల ముద్ద, కలపక ముందే జరుగుతుంది. సిమెంటులో నీళ్లు పడిన తరువాత ఆలోచించుకోవడానికి దాదాపు అరగంట మాత్రమే ఉంటుంది.

ముందుగా పలకలను వేరు చేయాలి. ఈ రాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరల వెంటే దాన్ని చీలుస్తారు. అంచులు యంత్రంతో సూటిగా కోసినా మందం మాత్రం ఒక్కొక్క పలకకు ఒక్కొక్క తీరుగా వస్తుంది. అన్నిటినీ గోడకు చేర్చి నిలబెట్టి పలచనివి, నడిమివి, మందమైనవి అని మూడు దొంతులు చేయండి. మందమైన వాటితో మొదలుపెట్టి పలచని వాటితో ముగిస్తే కింద మాలు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవచ్చు. కందుకూరులో మా ఇంటి వంటగదికి నేను ఈ పని చేయలేదు. చేతికందినది అందినట్టు పరిచాను. ఇప్పటికీ నీళ్ల బిందెను జరిపినప్పుడల్లా ఒక పలక అంచు దాని అడుగును పట్టుకుంటుంది.

వేరు చేసేటప్పుడే ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి చూడండి. కంగున మోగితే మంచిది; డొల్లగా పలికితే లోపల పొర విడిందని అర్థం, దాన్ని కోతలకు వాడుకోవచ్చు. వెనుక వైపు లేస్తున్న రేకులను తీగ బ్రష్షుతో రుద్ది, ధూళి పోయేలా కడగాలి. ధూళి మీద పెట్టిన మాలు రాయిని పట్టుకోదు.

ఇక గీతలు. మన ఇళ్లలో గోడలు మూలమట్టానికి ఉండడం అరుదు, కాబట్టి గోడను నమ్మి వరుస పెట్టకూడదు. గుమ్మం మధ్య నుంచి ఎదుటి గోడదాకా నీలిమందు అద్దిన దారం లాగి ఒక గీత కొట్టండి. దాని మీద ఒక బిందువు నుంచి 3 అడుగులు, దానికి అడ్డంగా 4 అడుగులు కొలిచి, ఆ రెండు కొసల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా అడ్డగీతను జరిపితే మూల లంబకోణానికి వచ్చినట్టు. తరువాత మాలు లేకుండానే ఒక వరుస పరచి చూడాలి. ఉదాహరణకు 8 అడుగుల వెడల్పు గదిలో అడుగు పలకలు ఎనిమిది, మధ్య 5 మిల్లీమీటర్ల సందులు పెడితే అంగుళంన్నర దాకా ఎక్కువవుతుంది. గోడ పక్కన వదలవలసిన సందు దీనికి అదనం. అందుకే చివరి పలకను కోయవలసి వస్తుంది; ఆ కోత పలకను గుమ్మం ఎదుట కాక వంటగట్టు కిందికి పంపండి. కోతను తడి బ్లేడుతోనే చేయండి. పొడి కోతలో లేచే ధూళిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

మట్టానికి నీళ్లు నింపిన పారదర్శకపు గొట్టం చాలు, లోపల గాలి బుడగ లేకుంటే సరి. గోడల చుట్టూ 3 అడుగుల ఎత్తున మట్టపు గీత పెట్టి, అక్కడి నుంచి కిందికి కొలుచుకోండి. కడిగిన నీళ్లు తూము వైపు నడవాలంటే 10 అడుగులకు అర అంగుళం వాలు చాలు. వాలు మరీ ఎక్కువైతే గ్యాస్ సిలిండరు ఒరుగుతుంది. గుమ్మం దగ్గర పలక ముఖం హాలు నేల కంటే ఎత్తు కాకూడదు. మాలు అంగుళంపావు, పలక దాదాపు అర అంగుళం, మొత్తం అంగుళంముప్పావు లోతు ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి.

మాలుకు ఒక పాలు సిమెంటు, ఐదు పాళ్లు ఇసుక. పదడుగులకు ఎనిమిదడుగుల గదికి సుమారు 9 ఘనపుటడుగుల ఇసుక, బస్తాన్నర సిమెంటు పడుతుంది. సిమెంటు పాలకు, అంటే నీళ్లలో జారుగా కలిపిన సిమెంటుకు, పట్టేదానితో కలిపి 2 బస్తాలు తెచ్చుకోండి. ఇసుక విషయంలో మన తీరప్రాంతం వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. దగ్గరలో దొరికింది కదా అని సముద్రం వైపు ఇసుకను, ఉప్పు బోరు నీళ్లను వాడితే కొన్నాళ్లకు నల్లని పలక మీద తెల్లటి ఉప్పు పొంగుతుంది, తుడిచిన కొద్దీ మళ్లీ వస్తుంది. కొంత ఖర్చయినా పెన్నా ఇసుకను, మంచినీటిని తెప్పించుకోండి. ఇసుకను జల్లించి, సిమెంటును పొడిగా కలిపి, ఆ తరువాతే నీళ్లు చిలకరించాలి. పిడికిట పట్టి వదిలితే ముద్ద నిలవాలి, అరచేయి మాత్రం తడవకూడదు.

గుమ్మానికి దూరంగా ఉన్న గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ రావాలి. గచ్చును తడిపి, నిలిచిన నీటిని తుడిచి, సిమెంటు పాలు పూసి, నాలుగైదు పలకలకు సరిపడా మాలు మాత్రమే పరచి గజబద్దతో సమం చేయండి. పలకను ముందు ఉత్తినే పెట్టి రబ్బరు సుత్తితో మధ్య నుంచి అంచులకు తట్టి, మళ్లీ ఎత్తి చూడండి. మాలు మీద పలక అచ్చు పడని గుంటలుంటే నింపాలి. అందరూ విసుక్కునేది ఈ ఎత్తడం దగ్గరే, కానీ డొల్లలు మిగిలేది దీన్ని మానేసిన చోటే. తరువాత మాలు మీద చిక్కని సిమెంటు పాలు పోసి, పలక వెనుక కూడా పూసి, తిరిగి దించి, రసమట్టం (బుడగతో మట్టం చూపే బద్ద) రెండు దిక్కులా పెట్టి చూడాలి. పైన పడిన సిమెంటును అప్పటికప్పుడే తడి స్పాంజితో తీయండి. పలక ముఖం గరుకు కనుక ఎండిన తరువాత అది రాదు.

ఒక రోజు ఎవరినీ నడవనివ్వకండి. రెండవ రోజు నుంచి వారం పాటు తడి గోనెపట్టా కప్పి ఉంచి, తరువాత మళ్లీ ఒక్కొక్క పలకనూ తట్టి చూసి, డొల్ల పలికిన దానిమీద సుద్దతో గుర్తు పెట్టండి. వాటిని లేపి తిరిగి అతకడంతో నాలుగవ పాఠం మొదలవుతుంది, సందులు నింపడం ఆ తరువాత.