ఏ పెట్ట గుడ్డు పెడుతోందో వేళ్లతో చూడండి

పెరట్లో నాటుపెట్టలు, వనరాజా, గ్రామప్రియ అనే మెరుగుజాతి పెరటికోళ్లు కలిపి పెంచేవారికి ఒక చికాకు ఉంటుంది. అన్నీ ఒకే గంపలో పెడతాయి, ఏది పెట్టిందో తెలియదు. మేత దగ్గర మాత్రం ఏదీ వెనకబడదు!

చీకటి పడ్డాక, గూట్లో కునుకుతున్నప్పుడు ఒక్కోదాన్ని మెల్లగా చంకలో పెట్టుకోండి. తోక కింద, గుడ్డు వచ్చే ద్వారానికి అటూ ఇటూ రెండు సన్నని ఎముకల మొనలు చేతికి తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పట్టి, ద్వారం వెడల్పుగా, తడిగా ఉంటే అది పెడుతున్న పెట్ట. ఒక్క వేలే పట్టి, ద్వారం ముడుచుకుని పొడిగా ఉంటే పెట్టడం లేదు. పెడుతున్నవాటి కాలికి రంగు దారం వదులుగా కట్టి, పదిహేను రోజులకు మళ్లీ చూడండి.

జాతిని బట్టే లెక్క వేయాలి. ఏడాదికి నాటుపెట్ట సుమారు 50-60 గుడ్లు, వనరాజా 100 పైచిలుకు, గ్రామప్రియ మంచి మేత అందితే 200 దాకా పెడతాయి. గ్రామప్రియతో పోల్చి నాటుపెట్టను కోతకు పంపడం అన్యాయం, పొదిగి పిల్లలు లేపేది అదే కదా.

పొదుగు మీద కూర్చున్నవాటికి, ఈకలు రాలుస్తున్నవాటికి, ఆరు నెలలు నిండని పడుచు పెట్టలకు ఈ పరీక్ష పనికిరాదు. మంచి పెట్టకైనా అప్పుడు ఎముకలు దగ్గరగానే ఉంటాయి. ఒకటి రెండు నెలలు ఆగి చూశాకే అమ్మకం సంగతి ఆలోచించండి.