కొత్త లైట్ కొనే ముందు పాత గొలుసు చూడండి

ఓడరేవు చానల్‌లో, అంటే ఓడలు వచ్చిపోయే నీటి దారిలో, బోయ్‌ల (గొలుసుతో అడుగున దిమ్మకి కట్టిన తేలే గుర్తుల) మీద పాత లైట్లు తీసేసి సోలార్ ఎల్‌ఈడీ లాంతర్లు పెట్టే పని మీకు అప్పజెప్పారా? క్యాటలాగ్ పక్కన పెట్టి ముందు ఒక రాత్రి వేట బోటు ఎక్కండి. నేను తూర్పు తీరంలో ఇరవై ఆరేళ్లు ఈ పనే చేశాను. లైట్‌హౌస్‌ల మీదా పని చేశాను గానీ, నా కాలమంతా దాదాపు బోయ్‌లతోనే గడిచింది. వాటి మీద ఆధారపడే మనిషి ఎక్కడ నిలబడి చూస్తాడో అక్కడి నుంచి చూడకుండా ఏదీ మార్చకూడదని నేర్చుకున్నాను.

బోటులో సరంగు (బోటు నడిపేవాడు) కన్ను నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉంటుంది. బోయ్ లైటు మూడు మీటర్ల ఎత్తున ఉందనుకోండి. ఈ రెండు ఎత్తుల వర్గమూలాలు కూడి 2.03తో గుణిస్తే, భూమి వంపుకి అడ్డం పడకుండా లైటు ఎంత దూరం కనబడుతుందో నాటికల్ మైళ్లలో వస్తుంది. ఇక్కడ సుమారు 6.4. చానల్ లోపలి బోయ్‌కి మూడు నాలుగు మైళ్ల లైటు చాలు. వెలుగు మరీ ఎక్కువైతే దగ్గరికొచ్చేసరికి సరంగు కళ్లు చెదురుతాయి, పక్కనే లైటు లేకుండా ఉన్న తెప్ప కనబడదు.

ఆ రాత్రే వెనక ఒడ్డు కూడా చూడండి. జెట్టీ మీద హైమాస్ట్ లైట్లు వచ్చాక చాలా చోట్ల బోయ్ లైటు వాటిలో కలిసిపోయింది. ఏ బోయ్ వెనక ఏ వెలుగు ఉందో పుస్తకంలో రాసుకోండి. కొన్నిచోట్ల బోయ్ లైటు పెంచేకంటే, ఒడ్డు మీది దీపానికి మూత పెట్టించడం మేలు.

ఇక మెరుపు తీరు. ప్రతి బోయ్‌కీ చార్టులో రాసిన రంగు, లయ ఉంటాయి. సముద్ర గుర్తులకి నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐఏఎల్ఏ పద్ధతిలో మనది ‘ఎ’ (A) ప్రాంతం. సముద్రం నుంచి లోపలికి వచ్చేటప్పుడు ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ. ఒక చిన్న రేవులో కొత్త లాంతర్లు వచ్చినప్పుడు, అల్పపీడనం వస్తోందన్న టెన్షన్‌లో రెండు బిగించేసి, మెరుపులు లెక్కపెట్టకుండానే వచ్చేశాను. ఫ్యాక్టరీలో పెట్టిన లయే వాటిలో ఉండిపోయింది. తెల్లవారుజామున ఒక బోటు ఇసుక మేటకి తగిలి ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. సరంగు ఒడ్డుకొచ్చి, “ఆ పచ్చదాని నడక మారిపోయింది బాబూ, ఇంకోటనుకుని తిప్పేశాను” అన్నాడు. ఆయనకి ఆ లయే ఆ బోయ్ పేరు. తప్పు నాది. అప్పట్నుంచి ఏ లాంతరైనా బోటెక్కక ముందే షెడ్డులో, చీకటి పడిందని పసిగట్టే సెన్సార్ మీద మందపాటి నల్లగుడ్డ కప్పి, స్టాప్‌వాచ్‌తో పది ఆవృత్తాలు లెక్కపెడతాను. నాలుగు సెకన్లకోసారి మెరిసేదైతే పదికి నలభై సెకన్లు రావాలి. ఒక్కటే కొలిస్తే బొటనవేలు ఆలస్యమే ఎక్కువ తేడా తెస్తుంది.

ఇప్పుడు గొలుసు. లాంతరు మార్చడానికి వర్క్‌బోటు, క్రేను ఎలాగూ వస్తాయి. అదే రోజు బోయ్‌ని పైకెత్తి గొలుసు మొత్తం డెక్ మీద పరిపించండి. బోయ్ కింద గుల్లలు దట్టంగా పట్టి ఉంటాయి. గీకేసి నీళ్లు కొట్టించండి. తర్వాత కింద కాంక్రీటు దిమ్మ దగ్గర్నుంచి పైకి ఒక్కో లంకె తడుముతూ రండి. దిమ్మకి ఆనుకుని ఎప్పుడూ నేల మీదే పడుండే లంకెలు అంతగా అరగవు. అలకి లేచి మళ్లీ నేలను తాకే ఆ కొద్ది మీటర్లలోనే ఇసుక గొలుసుని ఆకురాయిలా తినేస్తుంది. ఒకసారి అక్కడి లంకెలో 26 మిల్లీమీటర్లు ఉండాల్సిన కమ్మీ 15 దగ్గరికి వచ్చేసి, రెండు లంకెలు కలిసేచోట గోరుతో తడిమితే కత్తి అంచులా తగిలింది. పైనుంచి చూస్తే ఆ బోయ్ కొత్త పెయింటుతో నిగనిగలాడుతోంది. అలాంటిదాని మీద ఖరీదైన లాంతరు పెడితే మొదటి తుపానుకే అది ఏ ఊరి ఒడ్డుకో కొట్టుకుపోతుంది. స్వివెల్ (గొలుసు మెలిపడకుండా తిరిగే కీలు) తిరుగుతోందో లేదో, షాకిల్ (గొలుసుని కలిపే కొక్కెం) పిన్ను ఉందో లేదో కూడా చూడండి.

లోతు తక్కువున్న చోట గొలుసు పొడవు లోతుకి మూడింతలు పెట్టడం మా అలవాటు. 10 మీటర్ల లోతుకి 30 మీటర్ల గొలుసు వేస్తే, అది బిగుసుకున్నప్పుడు బోయ్ దిమ్మ నుంచి 28 మీటర్ల దూరం దాకా తిరుగుతుంది. అందుకే దిమ్మ దింపిన క్షణంలోనే జీపీఎస్ రీడింగ్ రాసుకోవాలి. తర్వాత బోయ్ దగ్గర తీసుకున్న రీడింగ్ దాని అసలు స్థానం కాదు.

కరెంటు లెక్క మీరే వేయండి. లాంతరు వెలిగినప్పుడు 0.8 ఆంపియర్లు తీసుకుని, నాలుగు సెకన్లలో అర సెకను వెలుగుతుందనుకోండి. డిసెంబరులో మన తీరంలో 13 గంటల రాత్రికి 1.3 ఆంపియర్ అవర్లు. ఏఐఎస్ యూనిట్ (బోయ్ స్థానాన్ని రేడియోలో ఓడల తెరకి పంపే పరికరం), కంట్రోలర్ కలిపి ఇంకో ఒకటి వేసుకుంటే రోజుకి 2.3. ఎండ లేకుండా పది రోజులు నడవాలంటే 23. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పెట్టండి. తుపానుల కాలంలో ఆ పది రోజులు అక్కరకొస్తాయి. ప్యానెళ్లు నాలుగు వైపులా ఉండాలి, ఎందుకంటే బోయ్ తిరుగుతూనే ఉంటుంది. పక్షులు వాలకుండా పైన ముళ్ల తీగలు బిగించండి. రెట్ట పడి ఎండిన ప్యానెల్ ఎంత మంచిదైనా పని చేయదు.

లాంతరు ఎంచేటప్పుడు రెండు చూడండి. బోయ్ ఊగుతుంది కాబట్టి కాంతి నిలువునా వెడల్పుగా పరుచుకోవాలి. టవర్ కోసం చేసిన సన్నని కిరణం బోయ్ మీద పెడితే ఒకసారి ఆకాశానికి, ఒకసారి నీళ్లలోకి పోతుంది. రెండోది, పాత ఎర్ర గాజులో తెల్ల ఎల్‌ఈడీ పెట్టకండి. దాని వెలుగులో ఎరుపు చాలా తక్కువ, గాజు మిగతాదంతా మింగేస్తుంది. ఎరుపుకి ఎర్ర ఎల్‌ఈడీనే వాడాలి. డబ్బుంటే జీపీఎస్ సమయం పట్టుకుని అన్నీ ఒకేసారి వెలిగేవి తీసుకోండి. చానల్‌కి రెండు వైపులా లైట్లు ఒక్కసారే మెరుస్తుంటే దారి గీసినట్టు కనబడుతుంది.

ఏఐఎస్ పెడితే బోయ్ మూడు నిమిషాలకోసారి తన స్థానం పంపుతుంది. మన దేశపు బోయ్‌ల ఏఐఎస్ నంబరు 99419తో మొదలవుతుంది. అసలు బోయ్ లేకుండా తెర మీద గుర్తు మాత్రమే చూపే వర్చువల్ పద్ధతి కూడా ఉంది. మునిగిన పడవ చుట్టూ గంటల్లో హెచ్చరిక పెట్టడానికి అది చాలా మంచిది. కానీ ఖర్చు తగ్గుతుందని ఉన్న బోయ్ తీసేసి వర్చువల్‌తో సరిపెడదామంటే ఒప్పుకోకండి. తెర లేని బోటుకి అక్కడ ఏమీ లేనట్టే.

లైట్‌హౌస్ టవర్‌లో పనైతే ఒక్క జాగ్రత్త. పాత పెద్ద లెన్సులు కొన్ని పాదరసం తొట్టిలో తేలుతూ తిరుగుతాయి. గది కిటికీలు తెరవకుండా, పాదరసం తీయడం తెలిసినవాళ్లు రాకుండా వాటిని ముట్టుకోవద్దు. ఒలికితే వ్యాక్యూమ్ క్లీనర్ అసలు పెట్టకండి, ఆవిరి గదంతా వ్యాపిస్తుంది.

మార్పు జరిగే తేదీ ముందే రేవు అధికారులకీ, లైట్‌హౌస్‌ల డైరెక్టరేట్‌కీ, డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసుకీ తెలియాలి. నావికులకిచ్చే నోటీసు అక్కడి నుంచే వెళ్తుంది. ఆ నోటీసు వేట బోటు దాకా రాదు. అందుకని తెలుగులో పెద్ద అక్షరాలతో, ఏ రంగు, ఎన్ని సెకన్లు, ఏ రోజు నుంచి అని ఒక కాగితం రాసి చేపలు దింపే చోటా, ఐస్ ఫ్యాక్టరీ గోడ మీదా, డీజిల్ బంకు దగ్గరా అంటించండి. చదవలేనివాళ్లకి చేతిలో టార్చి పట్టుకుని అదే లయలో వెలిగించి చూపించండి.

నెల తిరిగాక మళ్లీ వెళ్లండి. ముఖ్యమైన గుర్తులకి ఐఏఎల్ఏ చెప్పే లెక్క 99.8 శాతం, అంటే ఏడాదిలో సుమారు పదిహేడున్నర గంటలకి మించి ఆరి ఉండకూడదు. బ్యాటరీ ఓల్టేజీ ఎండ తగలక ముందు, తెల్లవారుజామునే కొలిచి రాసుకోండి. వచ్చేటప్పుడు ఎదురైన బోటుని ఆపి, లైటు ఎలా కనబడుతోందో సరంగునే అడగండి.